ఎంసీబీ పడలేదు, ప్లగ్గు ఎందుకు కరిగింది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "గీజర్ ప్లగ్గు కాలింది, సాకెట్ మాడి నల్లబడింది. ఎంసీబీ మాత్రం పడలేదు. షార్ట్ సర్క్యూట్ అయితే పడాలి కదా?"

పడాలి. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తాను ఆగిపోయే స్విచ్చు. పడలేదంటే అది షార్ట్ కాదు, లూజ్ కాంటాక్ట్. షార్ట్ అయితే కరెంటు ఒక్కసారిగా వందల ఆంపియర్లకు ఎగబాకుతుంది. కాంటాక్ట్ లూజ్ అయితే కరెంటు కాస్త తగ్గుతుంది. ఎంసీబీకి తెలిసింది కరెంటు ఒక్కటే. మామూలుకన్నా తక్కువ కరెంటు పోతుంటే అదెందుకు పడుతుంది?

లెక్క వేసి చూద్దాం. గీజర్ మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంటుంది. 230ని 230తో హెచ్చవేసి 2000తో భాగిస్తే 26.45 ఓములు. అది లోపలి కాయిల్ రెసిస్టెన్సు. ఇంట్లో పరిస్థితి ఇలా ఉందనుకుందాం. గీజర్ ఆపి ఉంచితే డీబీ (ఎంసీబీలు ఉండే పెట్టె) దగ్గర మల్టీమీటరు 226 వోల్టులు చూపింది. గీజర్ వేస్తే అక్కడే 223. గీజర్ ఉన్న బోర్డులోనే, అదే వైరు మీద ఉన్న పక్క సాకెట్‌లో 221. గీజర్ మూత విప్పి, కాయిల్ టెర్మినల్స్ దగ్గర చూస్తే 212. (ఈ చివరి కొలత ఎలక్ట్రీషియన్ చేతనే తీయించాలి.) ఫేజు వైరుకి క్లాంప్ మీటరు తగిలిస్తే 8 ఆంపియర్లు.

డీబీ నుంచి బోర్డు దాకా 2 వోల్టులు పోయాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకి సుమారు 7.4 ఓములు. 20 మీటర్ల దూరమంటే పోనూ రానూ 40 మీటర్లు, అంటే 0.3 ఓములు. 8 ఆంపియర్ల దగ్గర దాని వాటా 2.4 వోల్టులు. సరిపోయింది, వైరు మంచిదే. బోర్డు నుంచి గీజర్ దాకా మాత్రం 9 వోల్టులు పోతున్నాయి. మధ్యలో ఉన్నవి స్విచ్చు, సాకెట్, ప్లగ్గు, జానెడు తీగ. 9ని 8తో భాగిస్తే 1.1 ఓములు. 9ని 8తో హెచ్చవేస్తే 72 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అలాంటివి మూడు సాకెట్ లోపల దాక్కుని పొద్దున్నే గీజర్ వేసినప్పుడల్లా కాలుతున్నాయన్నమాట. వైరు మీది పీవీసీ తట్టుకునేది 70 డిగ్రీల దాకానే.

పదో తరగతి పిల్లలు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. పవర్‌కి మూడు సూత్రాలు బట్టీ పట్టిస్తాం: వోల్టులు ఇంటూ ఆంపియర్లు, ఆంపియర్ల వర్గం ఇంటూ ఓములు, వోల్టుల వర్గం బై ఓములు. రెండోది చూస్తే రెసిస్టెన్సు పెరిగితే వేడి పెరగాలి. మూడోది చూస్తే తగ్గాలి. ఏది నిజం? రెండూ నిజమే. సూత్రంలో వోల్టులంటే ఆ ముక్కకి ఈ కొసకీ ఆ కొసకీ మధ్య ఉన్న వోల్టులు, ఇంటికి వచ్చే 230 కాదు. ఈ ఒక్క మాట బోర్డు మీద రాయకుండా సూత్రాలు గుర్తుండేందుకు త్రిభుజం గీసి వదిలేయడం వల్లే ఇంత గందరగోళం. లూజ్ కాంటాక్ట్‌కి 230 వేసి లెక్క కడితే 47 వేల వాట్లు వస్తుంది, ఇల్లే కాలిపోవాలి. దాని కొసల మధ్య ఉన్నది 9 వోల్టులే. అక్కడ ఎంత కరెంటు పోవాలో తేల్చేది గీజర్ కాయిల్. కరెంటు దాదాపు మారకుండా కాంటాక్ట్ రెసిస్టెన్సు పెరుగుతోంది కాబట్టి వేడీ పెరుగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నీ, తీగ రెసిస్టెన్సునీ బట్టి ఉంటుందని శాస్త్రవేత్త జూల్ 1841లో ప్రచురించింది ఈ సంగతే.

పైగా ఇది తనంతట తాను ముదిరే జబ్బు. వేడికి సాకెట్‌లోని ఇత్తడి రేకు స్ప్రింగు గుణం పోగొట్టుకుంటుంది. పట్టు సడలుతుంది, పిన్ను మీద నల్లటి ఆక్సైడు పేరుకుంటుంది, రెసిస్టెన్సు ఇంకా పెరుగుతుంది. విజయవాడ ఎండల్లో ఒకటిన్నర టన్నుల ఏసీ కూడా దాదాపు ఇంతే కరెంటు తీసుకుంటుంది, అదీ గంటల తరబడి. గోడే కాలిపోతుంటే సాకెట్ చల్లబడేదెప్పుడు? కొత్తింట్లో బోర్డు కాలితే దిష్టి అంటారు. గుమ్మడికాయ కట్టుకోండి, స్క్రూ కూడా బిగించండి.

టెస్టర్ ఈ లోపాన్ని పట్టుకోలేదు. నియాన్ బల్బు తీసుకునేది మిల్లీ ఆంపియరులో కొంత భాగమే. అంత తక్కువ కరెంటుకి 1.1 ఓముల దగ్గర పడే వోల్టేజి లెక్కలోకే రాదు, బల్బు చక్కగా వెలుగుతుంది. లోడు లేకుండా మల్టీమీటరు పెట్టినా అంతే, 226 చూపించి అంతా బాగుందనిపిస్తుంది. లోడు మీద కొలిచిందే కొలత. మీటరు లేకపోయినా ఒక గుర్తు ఉంది: 15 లీటర్ల నీళ్లు 30 డిగ్రీలు వేడెక్కడానికి 2000 వాట్లయితే 16 నిమిషాలు చాలు. 212 వోల్టుల దగ్గర గీజర్ ఇచ్చేది 1700 వాట్లే, 18 నిమిషాలు దాటుతుంది.

బాగు చేయించేటప్పుడు ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్పించండి. పాత సాకెట్‌లో కొత్త ప్లగ్గు పెడితే కొన్నాళ్లకే మళ్లీ మాడుతుంది. నల్లబడిన రాగిని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి. కొసని రెండు మడతలు వేసి టెర్మినల్ రంధ్రం నిండేలా దూర్చి, బిగించాక లాగి చూడాలి. కొసకి సీసం పూయించకండి. సీసం మెత్తన, స్క్రూ నొక్కుడుకి మెల్లగా అణిగి మళ్లీ లూజవుతుంది. ఎంసీబీని పెద్దది చేయించడం పొరపాటు, దానికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు. స్విచ్చు ఆపాకే ప్లగ్గు తీయండి. లోడు మీద లాగితే వచ్చే స్పార్కు పిన్ను మీద గుంటలు చేస్తుంది.

తర్వాత మళ్లీ కొలిపించండి. గీజర్ వేసి ఉండగా బోర్డుకీ గీజర్‌కీ మధ్య తేడా అర వోల్టు దాటకూడదు. గీజర్ దగ్గర 220 రావాలి, క్లాంప్ మీటరు 8 బదులు 8.3 చూపాలి.