కిలో బరువు లేని శిశువుకు రక్తం ఎప్పుడు ఎక్కించాలి?

ఏడు వందల గ్రాముల బరువుతో పుట్టిన శిశువు ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి 60 నుంచి 70 మిల్లీలీటర్లు మాత్రమే. చిన్న టీ గ్లాసులో సరిపోతుంది. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) పరీక్ష కోసం ఒక్క మిల్లీలీటరు తీసినా అది పెద్దవారి ఒంట్లోంచి 70 మిల్లీలీటర్లకు పైగా తీసినదానితో సమానం. అందువల్ల తొలి రెండు మూడు వారాల్లో ఈ పసివారికి రక్తం ఎక్కించవలసి రావడానికి ప్రధాన కారణాల్లో ఒకటి, వారిని కాపాడడానికి మనం చేసే పరీక్షలే.

దీనికి తోడు, పుట్టిన వెంటనే రక్తంలో ఆక్సిజన్ పెరగడంతో ఎర్ర కణాల తయారీని పురికొల్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోను తగ్గిపోతుంది. నెలలు నిండిన బిడ్డలోనూ ఇదే జరిగి రెండు మూడు నెలల వయసుకు హిమోగ్లోబిన్ పడిపోతుంది కానీ, సాధారణంగా దానికి చికిత్స అక్కర్లేదు. నెలలు నిండనివారిలో ఆ హార్మోను ప్రధానంగా కాలేయంలోనే తయారవుతుంది. రక్తహీనత ఏర్పడినా కాలేయం, పెద్దయ్యాక ఆ హార్మోనును తయారుచేసే మూత్రపిండాలంత చురుకుగా స్పందించదు. పైగా తల్లి నుంచి ఇనుము ఎక్కువగా అందేది చివరి మూడు నెలల్లో కాబట్టి, ఆ నిల్వ కూడా వారికి దక్కదు.

అయితే హిమోగ్లోబిన్ ఎంతకు పడితే రక్తం ఎక్కించాలి? ఎక్కువగా ఉంచితే మెదడుకు మేలని చాలామంది వైద్యులు భావించేవారు, ఆ ఊహలో తర్కం లేకపోలేదు. కిలో, అంతకు తక్కువ బరువుతో పుట్టిన 1,824 మంది శిశువులపై అమెరికాలో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, తొలి వారంలో శ్వాసకు సాయం అవసరమైన వారికి ఒక వర్గంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 13 గ్రాముల లోపుకు, మరో వర్గంలో 11 గ్రాముల లోపుకు పడితే రక్తం ఎక్కించారు. తర్వాతి వారాల్లో ఈ హద్దులను తగ్గిస్తూ వచ్చారు. రెండేళ్ల వయసు నాటికి మరణం లేదా నాడీ ఎదుగుదల లోపం ఎక్కువ హద్దు వర్గంలో 50.1 శాతం, తక్కువ హద్దు వర్గంలో 49.8 శాతం. అదే ఏడాది ఐరోపాలో 1,013 మందిపై వచ్చిన అధ్యయనంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాగని ఎంతకు పడినా ఊరుకోవచ్చని కాదు, ఆ కింది హద్దు కంటే తక్కువలో ఏమవుతుందో ఈ అధ్యయనాలు పరీక్షించలేదు.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల విషయం మరింత ఆశ్చర్యకరం. 2019 నాటి అధ్యయనంలో 50,000 లోపుకు తగ్గగానే ప్లేట్‌లెట్లు ఎక్కించిన శిశువుల్లో 26 శాతం మందిలో మరణం లేదా తీవ్ర రక్తస్రావం సంభవించగా, 25,000 వరకు వేచి చూసిన వర్గంలో అది 19 శాతమే.

నెలలు నిండిన శిశువులకు ఈ అవసరం అరుదు. ప్రసవ సమయంలో రక్తస్రావం, శస్త్రచికిత్స, తల్లీబిడ్డల ఆర్‌హెచ్ వైరుధ్యం (రక్త వర్గాలు పొసగక తల్లి ఒంట్లోని ప్రతిరక్షకాలు బిడ్డ ఎర్ర కణాలను నాశనం చేయడం) వంటివి కారణాలు. ఆర్‌హెచ్ వైరుధ్యంలో కామెర్లు ముదిరితే కిలోకు సుమారు 160 మిల్లీలీటర్ల చొప్పున బిడ్డ రక్తాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, కొత్త రక్తంతో మారుస్తారు.

మామూలుగా ఎక్కించే మోతాదు కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు, మూడు నాలుగు గంటలపాటు. ఒకే దాత రక్తాన్ని చిన్న సంచులుగా విడదీసి, అదే శిశువుకు మళ్లీ వాడితే వేర్వేరు దాతల రక్తం చేరే ముప్పు తగ్గుతుంది. ఇంతకంటే తేలికైనవి, నా దృష్టిలో ముందు చేయవలసినవీ, రెండున్నాయి: పుట్టగానే బొడ్డుతాడును బిగించకుండా కనీసం అర నిమిషం ఆగడం, తొలి పరీక్షలకు బిడ్డ నరంలోంచి కాక మాయలో మిగిలిన రక్తాన్ని వాడుకోవడం.