పంటి కింద గింజ

మా మామ్మ ధాన్యంలో తేమను పంటితో కొలిచేది. నరసన్నపేటకు దగ్గర్లో, వంశధార ఎడమ కాలువ కింద మా పొలం. డిసెంబర్‌లో నూర్పులయ్యాక రోజూ పొద్దు వాలే వేళకు ఆవిడ కళ్లంలోకి వచ్చేది. అప్పుడే పోగేసిన ధాన్యంలోకి మోచేతి దాకా చెయ్యి దోపి, లోపలి నుంచి గుప్పెడు గింజలు తీసి, ఒక్కొక్కటే దవడ పళ్ల మధ్య పెట్టి కొరికేది. గింజ పళ్ల మధ్య నొక్కుకుపోతే "ఇంకా పచ్చి" అనేది. ఠక్కున విరిగితే ఏమీ అనకుండా తలూపేది. ఒకసారి పక్కన నిలబడి చూస్తున్న నన్ను పిలిచి, "ఏటి సూస్తన్నావే గుంటా, నువ్వూ కొరుకు" అని నా చేతిలో నాలుగు గింజలు పోసింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. మొదటి రోజు ఏ తేడా తెలియలేదు. నాలుగు రోజులు వరసగా కొరికాక తెలిసింది.

తర్వాత కెమిస్ట్రీ చదువుకున్నాను. మామ్మ పంటి కింద ఎంత పెద్ద సంగతి జరిగేదో అప్పుడు అర్థమైంది. విత్తనం నానబెట్టిన రోజు నుంచి, ధాన్యం నిల్వకు గడ్డితాడు చుట్టి పురి కట్టే రోజు దాకా మా ఇంట్లో చేసిన పనులన్నీ తలుచుకుంటే, వాటిలో సగం గింజలోకి నీళ్లు పంపడం, మిగతా సగం గింజలోంచి నీళ్లు తీయడం. ఆ నీళ్లు కంటికి కనపడవు. అందుకే పన్ను, అరచెయ్యి, ముక్కు అన్నీ వాటిని కనిపెట్టడం నేర్చుకున్నాయి.

కోత వేళకు గింజలో నీళ్లు ఎన్నుంటాయంటే, బరువులో 20 నుంచి 24 శాతం. 24 శాతమే అనుకుందాం. క్వింటా ధాన్యంలో 76 కిలోలు అసలు సరుకు, 24 కిలోలు నీళ్లు. ప్రభుత్వ కొనుగోలు నిబంధన ప్రకారం తేమ 17 శాతం మించకూడదు. అంటే ఆ 76 కిలోల సరుకు అలాగే ఉండి, మొత్తం బరువు 91 కిలోల 600 గ్రాములకు దిగాలి. ఎనిమిది కిలోల పైచిలుకు నీళ్లు, చిన్న బిందెడు, క్వింటా ధాన్యంలోంచి గాలిలోకి వెళ్లిపోవాలి. ఇంట్లో నిల్వ పెట్టుకోవాలంటే ఇంకా దిగాలి, 14 శాతానికి. అప్పుడు పోయే నీళ్లు పదకొండున్నర కిలోలు దాటతాయి.

నీళ్లు ఊరికే ఆవిరి కావు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఆ లెక్కన క్వింటా ధాన్యాన్ని 17 శాతానికి తేవడానికి పట్టే శక్తి ఐదున్నరకు పైగా యూనిట్ల కరెంటుతో సమానం. ఎకరానికి 25 బస్తాలు, బస్తా 80 కిలోలు అనుకుంటే, ఎకరం ధాన్యానికి 110 యూనిట్లు దాటుతుంది. మా ఇంటికి ఒక నెల వచ్చే కరెంటు బిల్లులో ఇంచుమించు అన్ని యూనిట్లే ఉంటాయి. డిసెంబర్ ఎండ ఆ పనంతా మూడు నాలుగు రోజుల్లో చేసిపెడుతుంది. మబ్బు పట్టిందంటే రైతు ఇంట్లో అంత టెన్షన్ ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇక పంటి సంగతి. గింజలో ఎక్కువ భాగం పిండిపదార్థం. పొడవాటి అణువుల గొలుసులు చిక్కుముడి పడి ఉన్నట్టు ఉంటుంది. ఆ గొలుసుల మధ్య నీటి అణువులు దూరి ఉన్నంత కాలం అవి ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి. అప్పుడు గింజ రబ్బరులాంటిది, నొక్కితే అణుగుతుంది. నీళ్లు పోయేకొద్దీ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఒక దశ దాటాక ఆ పదార్థం గాజులా మారుతుంది. గాజు అణగదు, విరుగుతుంది. ఠక్కుమనే చప్పుడు ఆ గాజుతనానిదే. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే జంతికలు మెత్తబడతాయి చూడండి, అది ఇదే మార్పు వెనక్కి నడవడం. గాలిలో తేమ లోపలికి చేరి గాజును మళ్లీ రబ్బరు చేస్తుంది. మామ్మ పన్ను పట్టుకున్నది సరిగ్గా ఈ సరిహద్దునే.

ఎండబెట్టడం అంటే పరిచి వదిలెయ్యడం కాదు. తెల్లారి మంచు విడిచాక బరకాలు తీసి, ధాన్యాన్ని రెండు మూడంగుళాల మందాన పరుస్తారు. తర్వాత ఆడవాళ్లు పాదాలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ ధాన్యంలో నడుస్తారు. నడిచిన దారిలో చాలు పడుతుంది, పక్కన గట్టు లేస్తుంది. కాసేపాగి అడ్డంగా నడుస్తారు. చాళ్లు, గట్లు మారిపోతాయి. నేనూ నడిచేదాన్ని. పైన గింజలు వేడిగా, అడుగున చల్లగా పాదానికి తగిలేవి. మధ్యాహ్నానికి ఊక గీరుకుని మడమలు మండేవి, రాత్రి కొబ్బరినూనె రాసుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. ఆ అడుగు చల్లదనమే నీళ్లు ఇంకా అక్కడే ఉన్నాయనడానికి గుర్తు. పై వరస ఎండి, అడుగు వరస పచ్చిగా ఉంటే రెండూ కలిసి బస్తాలోకి వెళ్లి ఇబ్బంది పెడతాయి.

ప్రతి గింజలోనూ ఇదే కథ చిన్నగా నడుస్తుంది. పైపొర త్వరగా ఎండుతుంది, నడిమి నీళ్లు పైకి రావడానికి గంటలు పడతాయి. అందుకే సాయంత్రం పోగేసి బరకం కప్పడంలో రెండు లాభాలున్నాయి. మంచు తగలదు, అది అందరికీ తెలిసిందే. రెండోది, ఆ రాత్రంతా లోపలి నీళ్లు మెల్లగా బయటి పొరల్లోకి సర్దుకుంటాయి. మర్నాడు ఎండ తగలగానే అవి తేలిగ్గా పోతాయి. ఒక్క రోజులో ఎండబెట్టేద్దామని కాలే తారురోడ్డు మీద పోస్తే పైపొర బిగుసుకుపోయి, నడుము పచ్చిగా మిగిలి, గింజ లోపలే ఒత్తిడి పుడుతుంది.

అంతకంటే పెద్ద శత్రువు మంచు. మా వైపు డిసెంబర్ తెల్లవారుజామున ఏటి గట్టు నుంచి పొగమంచు లేచిందంటే పది గజాల దూరంలో మనిషి కనపడడు. బాగా ఎండిన గింజ మీద ఆ మంచు పడితే పైపొర నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. లోపలి గాజు భాగం ఉబ్బలేదు. పైపొర సాగదీస్తుంటే నడుము తట్టుకోలేక అడ్డంగా చిట్లుతుంది. పైన ఊక ఉంటుంది గనక బయటికి ఏమీ తెలియదు. మిల్లులో పడ్డాక తెలుస్తుంది, బియ్యం రావలసిన చోట నూక వస్తుంది. "మిల్లువాడు నూక చేసేశాడు" అనుకుంటాం గానీ, చాలాసార్లు ఆ గింజ మిల్లుకు వెళ్లక ముందే, మన కళ్లంలోనే, కప్పకుండా వదిలేసిన ఒక రాత్రి విరిగి ఉంటుంది. కావాలంటే పది గింజలు చేత్తో వలిచి, సెల్‌ఫోన్ టార్చి మీద పెట్టి చూడండి. బియ్యపు గింజ నడుము మీద వెంట్రుకలాంటి అడ్డగీత కనపడితే అదే ఆ చిట్లు. ఈ పరీక్ష నేను మొదటిసారి చేసినప్పుడు పదింట్లో నాలుగు గింజలకు గీతలున్నాయి. ఆ ముందు రోజు రాత్రి కప్పడం మరిచిపోయింది నేనే.

తేమ యంత్రం పంటికి బదులు కరెంటుతో ఇదే పని చేస్తుంది. విద్యుత్ క్షేత్రంలో పెట్టినప్పుడు నీరు స్పందించే తీరు వేరు, ఎండు పిండి స్పందించే తీరు వేరు. ఆ గుణాన్ని చెప్పే సంఖ్య నీటికి 80 దగ్గర ఉంటే, ఎండు పిండికి పది లోపే. కప్పు నిండా గింజలు పోసినప్పుడు ఆ సంఖ్య ఎంత పెరిగిందో చూసి యంత్రం శాతం చెబుతుంది. మంచి పనిముట్టే. కానీ అది చెప్పేది ఆ కప్పులో పోసిన గింజల సంగతి మాత్రమే. ఒక ఏడాది మా ధాన్యం తెల్లవారుజామున బండికెక్కించి అమ్మకానికి తీసుకెళ్తే, మంచు తగిలిన పై బస్తాలోంచి ఒక్క గుప్పెడు తీసి 19 శాతం అన్నారు, మొత్తానికీ తరుగు పెట్టారు. నాన్న ఒప్పుకోలేదు, బస్తాలు వెనక్కి తెచ్చాడు. మధ్యాహ్నం దాకా ఎండలో మూతులు విప్పి ఉంచి, మళ్లీ తీసుకెళ్లి నాలుగు బస్తాల అడుగు నుంచి తీయించాడు. 17 లోపే వచ్చింది. అందుకని నేను కలిసిన ప్రతి రైతుకూ చెబుతాను: ఒక్క బస్తా చూసి వేసిన తరుగును ఒప్పుకోకండి. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి, నాలుగైదు బస్తాల్లోంచి తీసి కలిపి కొలవమని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

ఇదే గింజకు జూన్‌లో మనం సరిగ్గా దీనికి తలకిందుల పని చేస్తాం. ముందు ఉప్పునీళ్లలో పోస్తాం. తాజా కోడిగుడ్డు మంచినీళ్లలో మునుగుతుంది. అది పైకి తేలేదాకా నీళ్లలో ఉప్పు కరిగించి విత్తనం పోస్తే, తాలు, సగం నిండినవి తేలతాయి, గట్టి గింజలు మునుగుతాయి. మునిగినవాటిని రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి, ఒక రోజు నానబెట్టి, మొలకెత్తడానికి గోనెసంచిలో మూటగట్టి మండె కడతారు. మామ్మ పొద్దున్నే గోనెలోకి చెయ్యి పెట్టి చూసేది. గోరువెచ్చగా ఉంటే సరే. వేడిగా ఉంటే నీళ్లు చల్లేది. ఆ వేడి గింజల ఊపిరి. నీళ్లు తాగి మేల్కొన్న గింజ లోపలి పిండిని కాల్చుకుంటూ, ఆక్సిజన్ పీల్చి, వేడిని వదులుతుంది. వేడి మితిమీరితే మొలకే చచ్చిపోతుంది.

గింజను మేల్కొలిపేది ఒక హార్మోను. నీళ్లు తగలగానే మొలక భాగం గిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని పంపుతుంది. అది వెళ్లి తవుడు వైపు పొరను తట్టగానే, ఆ పొర పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములను వదులుతుంది. ఈ గిబ్బరెల్లిన్ మొదట దొరికింది కూడా వరి పొలంలోనే. కొన్ని వరి మొక్కలు పక్కవాటి కంటే పొడుగ్గా, సన్నగా, పాలిపోయి పెరిగి పడిపోయే తెగులుంది. జపనీయులు దాన్ని 'బకానే' అంటారు, తెలివితక్కువ మొక్క అని అర్థం. ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం వదిలే ఒక పదార్థమే మొక్కను అలా సాగదీస్తోందని 1926లో ఎయిచి కురొసావా చూపించాడు. 1935లో తెయిజిరో యబుతా దానికి గిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. మొక్కలు తమంతట తాము అదే పదార్థాన్ని తయారుచేసుకుంటాయని ఆ తర్వాత తెలిసింది.

జూన్‌లో కోరుకున్న ఈ మేలుకొలుపే డిసెంబర్‌లో జరిగితే కొంప మునిగినట్టే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత దూరాన దాటినా ఉత్తరాంధ్రలోనూ వానలు పడ్డాయి. కోసి పనలుగా పరిచిన చేను తడిసిందంటే గింజకు అది కళ్లమో ఆకుమడో తెలియదు. నీళ్లు, వెచ్చదనం దొరికితే గిబ్బరెల్లిన్ కదులుతుంది, వెన్ను మీదే తెల్లటి మొలక వస్తుంది. అప్పుడు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మందు ఉప్పునీళ్లు: లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద, తడిసిన కుప్పల మీద చల్లడం. ఊరగాయలో ఉప్పు పడగానే ముక్క నీళ్లు వదులుతుంది కదా. బయట ఉప్పు ఎక్కువుంటే నీళ్లు అటే లాగబడతాయి. గింజ చుట్టూ ఉప్పునీళ్లుంటే లోపలికి నీళ్లు చేరడం కష్టమవుతుంది, మొలక ఆగుతుంది. నౌపడా ఉప్పు మడులు మాకు ఎంతో దూరం కాదు. జూన్‌లో విత్తనం కోసం తెచ్చిన ఉప్పులో కొంత డిసెంబర్ కోసమూ అట్టేపెట్టుకునే ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి.

నిల్వ సంగతి త్వరగా చెప్పేస్తాను. 14 శాతం దగ్గర గింజ ఊపిరి దాదాపు లేనంత నెమ్మదిగా ఉంటుంది. ఇంకాస్త తేమ ఉంటే ఊపిరి పెరుగుతుంది. ఊపిరితో వేడి పుడుతుంది, నీరూ పుడుతుంది. ఆ నీళ్లతో ఊపిరి ఇంకా పెరుగుతుంది, బూజు అందుకుంటుంది, ముక్కవాసన వస్తుంది. పురి చుట్టిన గడ్డితాడు సందుల్లోంచి కొంత గాలి ఆడుతుంది, ప్లాస్టిక్ బస్తాలో ఆ వీలు తక్కువ. పురిలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలిందంటే ఆ రోజే విప్పి మళ్లీ ఎండలో పోయాలి.

మామ్మకు ఎనభై దాటాక ఆ దవడ పళ్లూ పోయాయి. ఆ ఏడు సంక్రాంతికి ముందు ఇంటికి వెళ్లినప్పుడు నేను ఒక పొడి గాజు సీసా తీసుకున్నాను. అందులో మూడో వంతు దాకా ధాన్యం పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన మెత్తటి ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత బిగించి నిమిషం సేపు ఊపి పక్కన పెట్టాను. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్లు పీల్చి చెమ్మగిల్లుతుంది. మూసిన సీసాలో గాలి తేమ గింజల తేమను బట్టే ఉంటుంది. ధాన్యం 15 శాతం కంటే పచ్చిగా ఉంటే ఉప్పు చెమ్మగిల్లి గాజుకు అంటుకుంటుంది, ఎండి ఉంటే గలగలా రాలిపోతుంది.

పావుగంట తర్వాత సీసా మామ్మ చేతికిచ్చాను. ఆవిడ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది, ఉప్పు గాజుకు ఎక్కడా అంటలేదు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గింజలు గరగరమన్నాయి. ఇంకోసారి ఊపి విని, సీసా నాకిచ్చేసి, గడప బయట కూర్చున్న నాన్నతో "తాడు పేనండి" అంది.