పాంబన్ పాత వంతెన: ఆ రెండు రెక్కల సంగతి తేల్చాలి

కాశీ యాత్ర చేసొచ్చి, గంగ చెంబుతో ఎగ్మూర్‌లో రామేశ్వరం బండి ఎక్కే తెలుగువాళ్లు చెన్నైకి కొత్త కాదు. 2025 ఏప్రిల్ 6 నుంచి ఆ బండి, రామేశ్వరం దీవిని ఒడ్డుతో కలిపే కొత్త పాంబన్ వంతెన మీదుగా వెళ్తోంది. పక్కనే సముద్రంలో పాత వంతెన ఖాళీగా నిలబడి ఉంది. దాన్ని విప్పేయాలన్నది రైల్వే ఆలోచన. నడుమ ఓడల కోసం పైకి లేచే రెండు రెక్కలనైనా దక్కించుకోవాలన్నది చాలామంది కోరిక, నాదీ అదే.

అసలు ఈ వంతెన కట్టింది సిలోన్ ప్రయాణం కోసం. మద్రాసు నుంచి ధనుష్కోటి దాకా రైలు, అక్కడి నుంచి తలైమన్నార్‌కి స్టీమరు, మళ్లీ రైల్లో కొలంబో. బోట్ మెయిల్ అన్న పేరు అలా వచ్చిందే. 1911లో పనులు మొదలుపెట్టి, 1914 ఫిబ్రవరి 24న వంతెన తెరిచారు. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు.

ఓడలకు దారివ్వడానికి మధ్యలో అమెరికా ఇంజనీరు షెర్జర్ పద్ధతిలో రెండు ఉక్కు రెక్కలు పెట్టారు. ఒక్కోటి 415 టన్నులు. రెక్క మొదలు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. పట్టాల మీద అది వెనక్కి దొర్లుతుంటే కొస పైకి లేస్తుంది. వెనకవైపు ఎదురు బరువు ఉండబట్టి అంత ఇనుమూ కదులుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. చెరో ఒడ్డు వైపు సిబ్బంది నిలబడి, లీవర్లు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పళ్లచక్రాలు తిప్పేవారు. రెక్కలు నెమ్మదిగా విడిపోయేవి, అప్పటిదాకా కాచుకున్న పడవలు వరసగా దాటేవి. నూరేళ్లకు పైగా జరిగిన పని ఇది.

1964 డిసెంబర్ 22 రాత్రి తుఫానులో ధనుష్కోటి పాసింజరు కొట్టుకుపోయింది. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. వంతెన గర్డర్లు, అంటే పట్టాలను మోసే ఉక్కు దూలాలు, చాలావరకు సముద్రంలో పడ్డాయి, షెర్జర్ రెక్కలు మాత్రం నిలిచాయి. బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెడితే, కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన ఇ. శ్రీధరన్ 46 రోజుల్లో ముగించారు. పడిపోయిన గర్డర్లనే చాలావాటిని జాలర్ల సాయంతో వెతికి, పైకి తీసి, మళ్లీ వాడారు. ధనుష్కోటి లైను మాత్రం తిరిగి రాలేదు.

1988లో పక్కన రోడ్డు వంతెన వచ్చింది, 2007లో మీటర్ గేజ్ బ్రాడ్ గేజ్ అయింది. చివరికి పాత రైలు వంతెనను ఓడించింది ఉప్పుగాలి. తుప్పు ముదరడంతో 2022 డిసెంబర్‌లో రైళ్లు ఆపేశారు. కొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగం ఏకంగా 17 మీటర్లు నిట్టనిలువుగా లేస్తుంది, మోటార్లతో.

పాతదాన్ని ఉన్నచోటే ఉంచమనడం తేలికే కానీ, చిక్కు ఒకటుంది. రెండూ ఒకే పడవల దారి మీద ఉన్నాయి. కొత్తది లేచినా పాత రెక్కలు దిగి ఉంటే ఓడ పోలేదు. వాటిని ఎప్పటికీ తెరిచి ఉంచాలన్నా, తుఫాను గాలికి తట్టుకునేలా ఏటా రంగులు, మరమ్మతులు తప్పవు. ఈ వాదనలో బలముంది.

రాజమండ్రి వాళ్లకు ఇలాంటి కథ తెలుసు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగాయి. పర్యాటకం అన్నారు, నడకదారి అన్నారు. ఆ వంతెనను పర్యాటక స్థలంగా మార్చే అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగేసరికి 2025 వచ్చింది. గోదావరి మంచినీళ్లు కాబట్టి ఆ ఇనుము అన్నేళ్లు ఆగింది. పాంబన్ ఇనుముకు అంత వ్యవధి లేదు.

అందుకే రెండు కిలోమీటర్ల వంతెన మొత్తం కోసం పట్టుబట్టను. ఆ రెండు రెక్కలూ చాలు. ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మకుండా, పళ్లచక్రాలు, లీవర్లు, ఎదురు బరువుతో సహా విప్పి, ఇవతలి ఒడ్డున ఉన్న మండపం అనే ఊళ్లోనో, రామేశ్వరం వైపో నేల మీద నిలబెట్టాలి. చేత్తో తిప్పితే లేచేలా ఉండాలి. పెరంబూర్ రైలు మ్యూజియంలో నమూనా పెడితే మంచిదే, అసలుది మాత్రం పాంబన్ దగ్గరే ఉండాలి. విప్పే కాంట్రాక్టు కాగితంలోనే ఈ షరతు రాయించాలి, రెక్కలకు కట్టర్ తగిలాక అడిగి లాభం లేదు. నిర్ణయం తీసుకునే దక్షిణ రైల్వే కేంద్ర కార్యాలయం ఇక్కడే, చెన్నై పార్క్ టౌన్‌లో ఉంది. రామేశ్వరం యాత్రలు నడిపే మన తెలుగు సంఘాలు అక్కడికి ఒక వినతిపత్రం ఇవ్వచ్చు.