వండి వడ్డిస్తోంది సరే, తింటోందా?

శ్రీకాకుళం వైపు ఎదిగిన ఆడపిల్ల వంటింట్లో దూరితే ఇంటిల్లిపాదికీ ముచ్చటే. "మా గుంటకి వంటొచ్చేసింది" అని తల్లి నలుగురికీ చెప్పుకుంటుంది. ఆ పిల్ల అందరికీ కొసరి కొసరి వడ్డించి, "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అంటే ఎవరికీ అనుమానం రాదు. ఆడవాళ్ళు ఆఖర్న తినడం మనకి మామూలే కదా! అనొరెక్సియా అనే, తిండి మానేసే మానసిక జబ్బు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. (మగపిల్లలకీ వస్తుంది, కాకపోతే తక్కువ.)

లావైపోతామన్న భయంతో తిండి మానేసినవాళ్ళకి వంట మీద మోజేమిటి? అది ఆకలి చేసే పనే. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి, వాళ్ళ ఒప్పుదలతోనే, 24 వారాలపాటు దాదాపు సగం తిండే పెట్టాడు. వాళ్ళలో కొందరు వంటల పుస్తకాలు పోగేసుకోవడం మొదలెట్టారు.

కాబట్టి ఈ జబ్బుకి చేసే ఆక్యుపేషనల్ థెరపీలో (రోజువారీ పనులు చేయిస్తూ ఇచ్చే చికిత్సలో) వంట అంటే వంట నేర్పడం కాదు. అసలు పని నూనె దగ్గర ఉంటుంది. దిబ్బరొట్టె సంగతే చూడండి. మూకుడు అడుగున నూనె ధారాళంగా ఉంటేనే మినప్పిండి అంటుకోకుండా ఎర్రగా కాలుతుంది. ఈ జబ్బున్న మనిషి నూనెని చెంచాతో కొలుస్తుంది, అందులో సగం మళ్ళీ వెనక్కి పోస్తుంది. థెరపిస్టు ఆ చెంచా పక్కన పెట్టించి, కంటి అంచనాతో పొయ్యమంటారు. ఇక టెన్షన్, గుండెదడ. సన్నసెగ మీద రొట్టె కాలేలోపు ఆ టెన్షన్ పెరుగుతుంది, చాలాసార్లు దానంతటదే కాస్త దిగుతుంది. అది దిగుతుందని స్వయంగా చూడటమే చికిత్స. మొదటిరోజే దిబ్బరొట్టె పెట్టరు లెండి. చోడి అంబలో, ఇడ్లీయో, ఆ మనిషిని తక్కువ భయపెట్టేది ఏదుంటే దాంతో మొదలెడతారు.

వండింది థెరపిస్టూ పక్కనే కూర్చుని తింటారు. తిన్నాక వాంతి చేసుకునే అలవాటున్నవాళ్ళని లేవనివ్వకుండా కాసేపు కబుర్లలో పెడతారు. వంటకన్నా ఆ కాసేపే కష్టమని నాకనిపిస్తుంది.

బాగా చిక్కిపోయినవాళ్ళ విషయంలో మాత్రం ముందు డాక్టరు చూడాలి. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు.

కాస్త కుదుటపడ్డాక సంతలో సరుకులు కొనడం, హోటల్లో తినడం, పెళ్ళి బంతిలో కూర్చోవడం వస్తాయి. అక్కడ ఏ పిన్నో "ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశావే!" అని ప్రేమగానే అంటుంది. ఆ ఒక్క మాటకి మర్నాటి నుంచి మళ్ళీ పస్తులు మొదలవ్వచ్చు. అందుకే దానికేం బదులివ్వాలో కూడా ముందే సాధన చేయిస్తారు.