జంట తీగల్లో మూడో స్వరం

"క్లీన్‌గా వాయిస్తే రెండు తీగలూ చక్కగా కలుస్తున్నాయి. డిస్టార్షన్ పెడల్ తొక్కగానే గరగరమంటున్నాయి. తప్పు నా వేళ్లదా, గిటార్‌దా?" అని ఒక కుర్రాడు అడిగాడు. (క్లీన్ అంటే గిటార్ శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించడం, డిస్టార్షన్ అంటే కావాలని గరుకు చేయడం.) ఇద్దరిదీ కాదు. తేడా లెక్కలో ఉంది. ఆ లెక్కంటే నాకు మహా ఇష్టం.

ఒకేసారి రెండు స్వరాలు పలికించడమే డబుల్ స్టాప్. పేరు వయొలిన్ వాళ్లది. గిటార్ మూడో తీగ (జి), రెండో తీగ (బి) ఏమీ నొక్కకుండా మీటండి. 196, 246.9 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు). ప్రతి తీగలోనూ మూల స్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యంతో అనుస్వరాలు కలిసి పలుకుతాయి. జి ఐదో అనుస్వరం 980, బి నాలుగో అనుస్వరం దాదాపు 988. ఈ రెండూ రాసుకుని సెకనుకు ఎనిమిది విస్పందనాలు (శబ్దం పెరిగి తగ్గే వణుకులు) పుడతాయి. బి తీగ సరిగ్గా 245 దగ్గర ఉంటే నిష్పత్తి 5:4 అయ్యేది, రాపిడే ఉండేది కాదు. తంబురాలో ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం ఈ ఐదో అనుస్వరమే. గిటార్ గాంధారం దానికంటే అరస్వరంలో ఏడో వంతు ఎక్కువ పలుకుతుంది. అన్ని శ్రుతుల్లోనూ వాయించుకోవడానికి మెట్లను సమానంగా పంచినందుకు కట్టిన సుంకం అది.

(మామూలుగా 440 హెర్ట్జ్‌కు ఉంచే ఎ స్వరాన్ని 432కు దించి శ్రుతి చేస్తే మనశ్శాంతి అంటారు కొందరు. అన్ని తీగలూ కలిసే దిగుతాయి కాబట్టి నిష్పత్తులు మారవు. ఎనిమిది విస్పందనాలు దాదాపు ఎనిమిదిలాగే ఉంటాయి.)

క్లీన్‌లో ఈ ఎనిమిది పెద్దగా తెలియవు. డిస్టార్షన్ అలల తలలు నరికేస్తుంది. అంటే సర్క్యూట్ రెండు స్వరాలను కూడటంతో ఆగక గుణించడం మొదలుపెడుతుంది. రెండు సైన్ తరంగాలను గుణిస్తే వాటి పౌనఃపున్యాల మొత్తం ఒకటి, తేడా ఒకటి పుట్టుకొస్తాయి. 246.9లోంచి 196 తీస్తే 50.9. బేస్ గిటార్ వాయించే జి 49. ఈ 50.9 అటు జి కాదు, ఇటు జి షార్ప్ కాదు. కుర్రాడు విన్న గరగరలో దీనికీ వాటా ఉంది. 18వ శతాబ్దంలో ఇటలీ వయొలిన్ విద్వాంసుడు టార్టినీ వయొలిన్ మీద ఇలాంటి మూడో స్వరాన్నే విన్నాడు. అది ఎక్కువగా చెవిలోనే పుట్టేది. ఇది స్పీకర్‌లోంచి నిజంగానే వస్తుంది.

ఇప్పుడు మొదటి రెండు తీగలను మూడో ఫ్రెట్‌లో (మెట్టులో) ఒకే వేలితో అడ్డంగా నొక్కండి. 392లోంచి 293.7 తీస్తే 98.3. ఇంకో జి 98! మూడో స్వరం వచ్చి రాగంలోనే కూర్చుంది. రాక్ అండ్ రోల్ గిటారిస్ట్ చక్ బెర్రీ సోలోల్లో ఇలా వేలు పరిచి వాయించిన జంటలు ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) గరుకుగా ఉన్నా నిలబడటానికి ఇదో కారణం.

అందుకే ఇంప్రొవైజ్ చేసేటప్పుడు (అప్పటికప్పుడు కల్పించి వాయించేటప్పుడు) క్లీన్‌లో మూడు, రెండు తీగల మీద సి మేజర్ జంటలు పట్టండి: 5-5, 7-6, 9-8, 10-10, 12-12 (ముందుది మూడో తీగ ఫ్రెట్, తర్వాతిది రెండో తీగ ఫ్రెట్). ఆకారాలు రెండే. నేర్పేవాళ్లు స్కేల్ మొత్తం బట్టీ పట్టిస్తారు గానీ, సంగీత వాక్యం చివర ఒక్క జంట పెడితే చాలు. పెడల్ తొక్కితే మొదటి రెండు తీగలకు జరగండి.

పెడల్ ఉన్నా 5-5 వదలనంటారా? మూడో తీగను నాలుగో తీగ వైపు వెంట్రుకవాసి నెట్టండి. సెకనుకు పది సార్లు వణికేది ఐదవుతుంది, రెండవుతుంది, ఆగిపోతుంది. ఆగిన చోట వేలు కదపకండి.