ఫారం తెరిచే ముందు ఫోన్ చేయండి

చిరంజీవులకు,

మీరంతా కలిసి యువతకి యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఇచ్చే గ్రాంటుకి అప్లై చేస్తారని విని ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ ఆ ఫారం ముందేసుకుని మీలో మీరే కుస్తీ పట్టకండి. ఐర్లండ్‌లో ఈ డబ్బు మంజూరు చేసేది డబ్లిన్‌లోని లేర్గస్ అనే సంస్థ. అప్లై చేసేవాళ్లకి దారి చూపడం కూడా వాళ్ల పనే. అడిగితే చులకనవుతామేమో అన్న బెరుకు మన ఇళ్లలో ఎక్కువ. అది వదిలేయండి.

ముందు ఏది ఏమిటో తేల్చుకోండి. పోర్చుగల్ వెళ్లి వాలంటీరుగా పనిచేయాలనుకునేవాళ్లు గ్రాంటుకి అప్లై చేయక్కర్లేదు. యూరోపియన్ సాలిడారిటీ కోర్ అని యువత సమాజసేవ కోసం ఈయూ పెట్టిన పథకం ఉంది. దాని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, క్వాలిటీ లేబుల్ ఉన్న, అంటే వాలంటీర్లని తీసుకోవడానికి ఆమోదం పొందిన సంస్థల్లో చోటు వెతుక్కోవాలి. డబ్బు సంగతి ఆ సంస్థే చూసుకుంటుంది. 13 నుంచి 30 ఏళ్లవాళ్లు బృందాలుగా కలుసుకునే యూత్ ఎక్స్ఛేంజ్ ఎరాస్మస్ ప్లస్ అనే ఇంకో ఈయూ పథకం కిందికి వస్తుంది. ప్రయాణం కాక 5 నుంచి 21 రోజులు.

మీకు సరిపోయేది నాకైతే ఆ సాలిడారిటీ కోర్ కిందే ఇచ్చే సాలిడారిటీ ప్రాజెక్టు గ్రాంటే అనిపిస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లు కనీసం ఐదుగురుంటే చాలు, సంస్థ అక్కర్లేదు. రెండు నెలల నుంచి ఏడాది దాకా మీ ఊళ్లోనే పని. అనుభవమున్న పెద్దవాళ్లని కోచ్‌గా పెట్టుకుంటే ఆ ఖర్చూ గ్రాంటులోనే అడగొచ్చు.

ఫోన్ చేసినప్పుడు ‘మా ఐడియా బాగుందా?’ అని అడిగితే వాళ్లు మాత్రం ఏం చెప్తారు? మీరు అనుకుంటున్నదే తీసుకోండి. మనవల్ని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, ఇక్కడే పుట్టి పెరిగి ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు వారానికోసారి ఒకచోట కూర్చోవాలి, కలిసి బస్సెక్కాలి, లైబ్రరీకి వెళ్లాలి. ఎంత మంచి ఆలోచన! అదే ఒక పేజీలో రాయండి. ఎవరికి ఏ ఇబ్బంది, అది మీకెలా తెలిసింది, ఏ నెలలో ఏం చేస్తారు, మీలో ఎవరు ఏ పని చూస్తారు. ‘సమాజ సాధికారత’ లాంటి బరువైన మాటలొద్దు. ఒక అమ్మమ్మ బస్సు డ్రైవరుతో మాట్లాడలేక స్టాపులోంచే వెనక్కి వచ్చేసిందని రాయండి, చదివేవాళ్లకి అర్థమవుతుంది. ఆ పేజీ చేతిలో పెట్టుకుని అడిగితే జవాబు కూడా సూటిగా వస్తుంది.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు టెన్షన్ పడకండి. ఈ ప్రాజెక్టుకి చూసేది పౌరసత్వం కాదు, ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్నారా అన్నదే. వాలంటీరుగా వెళ్లేవాళ్లకి మాత్రం వీసా కావాలి, ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల్లో ఐర్లండ్ లేదు కదా. ఆ ఖర్చు మీ చేతినుంచి పెట్టకుండా ముందే ఆ సంస్థతో మాట్లాడండి.

గడువు రోజు మధ్యాహ్నం 12 అంటే బ్రస్సెల్స్ టైము. మనకి అప్పుడు 11. ఈయూ వెబ్‌సైట్లలోకి వెళ్లడానికి ఈయూ లాగిన్, అప్లై చేసే బృందాన్ని గుర్తించే ఓఐడీ నంబరు ఈ వారమే తీసుకోండి.

పేజీ అయ్యాక నాకూ పంపండి. ఆదివారం మా ఇంటికి రండి, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న