గట్టి క్లచ్ వేస్తే క్రాంక్‌షాఫ్ట్‌కు ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

"అన్నా, రీమ్యాప్ చేయించిన. ఉన్నవాట్లో గట్టి క్లచ్ ఏసెయ్." టర్బో కారుతో గ్యారేజీకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది మొదటి మాట ఇదే. రీమ్యాప్‌తో, అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చడంతో, టార్క్ (తిప్పే బలం) పెరిగాక కంపెనీ క్లచ్ జారుతుంటే మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ ఏ క్లచ్ వేస్తున్నామో దాన్నిబట్టి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) అరుగుదలా మారుతుంది. ఇంజన్ విప్పాక ఆ సంగతి తెలిస్తే అప్పటికే ఖర్చు చేయి దాటిపోతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ప్రెషర్ ప్లేట్ (స్ప్రింగ్ బలంతో క్లచ్ డిస్క్‌ను నొక్కి పట్టే పళ్లెం) ఎంత గట్టిదైతే, బండి నడిచినంతసేపూ క్రాంక్ మీద అంత భారం.

నడిచినంతసేపూ కాదు, పెడల్ తొక్కినంతసేపు. కాలు తీసేసినప్పుడు స్ప్రింగ్ బలమంతా ప్రెషర్ ప్లేట్, దాని కవర్, ఫ్లైవీల్ (క్రాంక్ చివర బిగించిన బరువైన చక్రం) మధ్యే సర్దుకుంటుంది. క్రాంక్‌ను ముందుకో వెనక్కో నెట్టదు. పెడల్ తొక్కగానే దాంతో కదిలే రిలీజ్ బేరింగ్, ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లను నొక్కుతుంది. ఆ తోపుడు ఫ్లైవీల్ గుండా క్రాంక్‌కు చేరి, దాన్ని పుల్లీ వైపు నెడుతుంది. వేళ్లను నొక్కే బదులు లాగే పుల్ టైప్ క్లచ్‌లో అయితే గేర్‌బాక్స్ వైపు లాగుతుంది.

ఆ బలాన్ని ఆపేది థ్రస్ట్ బేరింగ్ ఒక్కటే. చాలా ఇంజన్లలో అవి ఒక మెయిన్ జర్నల్ (క్రాంక్‌లో మెయిన్ బేరింగ్ లోపల తిరిగే భాగం) పక్కన కూర్చునే అర్ధచంద్రాకారపు పలుచని వాషర్లు. మెయిన్ బేరింగ్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి తిరిగే షాఫ్టే ఆయిల్‌ను లోపలికి లాక్కుని పొర కట్టుకుంటుంది. చదునైన థ్రస్ట్ ముఖానికి ఆ సౌలభ్యం తక్కువ. క్లచ్ దెబ్బ ముందు తగిలేది అక్కడే.

అపోహ: ఎక్కువ టార్క్ ఆపాలంటే గట్టి స్ప్రింగ్ తప్ప దారి లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. క్లచ్ మోయగల టార్క్ నాలుగు అంశాల గుణకారం: ఫేసింగ్ (డిస్క్ మీది రాపిడి పొర) ఘర్షణ గుణకం, నొక్కే బలం, సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య. 350 న్యూటన్ మీటర్లు కావాలనుకుందాం. ఆర్గానిక్ ఫేసింగ్‌కు ఘర్షణ గుణకం 0.3, సగటు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకుంటే, రెండు ముఖాలున్న సింగిల్ ప్లేట్‌కు కనీసం 5,800 న్యూటన్లు, అంటే దాదాపు 600 కిలోల నొక్కుడు కావాలి. ఫేసింగ్‌ను సిరామిక్ లాంటిదానికి మార్చి ఘర్షణ గుణకాన్ని 0.4కు తెస్తే 4,400 చాలు. రెండు డిస్కులుండే ట్విన్ ప్లేట్‌లో నాలుగు ముఖాలుంటాయి కాబట్టి ఆర్గానిక్‌తోనే 2,900 సరిపోతుంది. రిలీజ్ బేరింగ్ మీద పడేది ఈ బలంలో కొంత భాగమే. కానీ లీవర్ నిష్పత్తి అదే అయితే, నొక్కుడు తగ్గిన మేరకు అదీ తగ్గుతుంది. థ్రస్ట్ బేరింగ్‌కు ఊరట అక్కడే.

సిరామిక్ ఫేసింగ్ పట్టేటప్పుడు జెర్క్ ఇస్తుంది. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజూ దానితో నడపడం కష్టమే. ఆ జెర్క్ తగిలేది గేర్‌బాక్స్‌కు, డ్రైవ్‌షాఫ్ట్‌కు. థ్రస్ట్ బేరింగ్‌ను అరగదీసేది అది కాదు. బడ్జెట్ ఉంటే రోడ్డు కారుకు నా ఓటు ట్విన్ ప్లేట్‌కే. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో కొన్నా, బయటి నుంచి తెప్పించినా "స్టేజ్ త్రీ" అనే పేరు చూసి డబ్బు కట్టొద్దు. ఒక్కో తయారీదారు స్టేజ్ ఒక్కో రకం. టార్క్ సామర్థ్యం ఎంత, రిలీజ్ లోడ్ ఎంత అని అడగండి.

అపోహ: సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేర్ వేసి క్లచ్ తొక్కి ఉంచితే ఏమీ కాదు.

బయోడైవర్సిటీ జంక్షన్‌లో రెడ్ లైట్ పడితే ఎంతసేపు నిలబడాలో మనకు తెలుసు. అంతసేపూ థ్రస్ట్ ముఖం మీద బలం ఆగకుండా ఉంటుంది. పైగా ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువ. న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. గట్టి ప్రెషర్ ప్లేట్ వేయించుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పెడల్ ఫ్రీ ప్లే (బేరింగ్ నొక్కడం మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) కూడా చూడాలి. హైడ్రాలిక్ సర్దుబాటు తప్పితే కాలు తీసినా రిలీజ్ బేరింగ్ నొక్కుతూనే ఉంటుంది. పెడల్ అవసరానికి మించి లోపలికి పోతుంటే పెడల్ స్టాప్ పెట్టించండి.

అపోహ: క్లచ్ తొక్కి స్టార్ట్ చేస్తే ఇంజన్‌కు మంచిది.

స్టార్టర్‌కు మంచిది, భద్రతకూ మంచిదే. కానీ ఆ క్షణానికి ఆయిల్ ప్రెషర్ ఇంకా రాలేదు, థ్రస్ట్ ముఖం దాదాపు పొడిగా ఉంటుంది. తొక్కితేనే స్టార్టయ్యే కార్లలో ఆ స్విచ్‌ను బైపాస్ చేయించకండి. న్యూట్రల్‌లో ఉంచి స్టార్ట్ చేసి, ఇంజన్ అందుకోగానే నెమ్మదిగా కాలు తీయండి.

అపోహ: తేలిక ఫ్లైవీల్ థ్రస్ట్ బేరింగ్‌ను తినేస్తుంది.

బరువుకూ ఈ తోపుడుకూ సంబంధం లేదు. ఫ్లైవీల్‌ను, ప్రెషర్ ప్లేట్‌ను కలిపి బ్యాలెన్స్ చేయించకపోతే వెనక మెయిన్ బేరింగ్‌కు ముప్పు.

అపోహ: క్రాంక్ ముందుకూ వెనక్కూ ఆడితే తప్పు క్లచ్‌దే.

మిత్సుబిషి 4జీ63 సెవెన్ బోల్ట్ (ఫ్లైవీల్‌ను ఏడు బోల్టులతో బిగించే రకం) ఇంజన్లు 1990లలో ఈ జబ్బుకే పేరుమోశాయి, కంపెనీ క్లచ్ ఉన్న కార్లలోనూ అది కనిపించింది. థ్రస్ట్ ముఖం నునుపు సరిగా లేకపోయినా, వాషర్లు సమంగా కూర్చోకపోయినా, ఆయిల్ మురికైనా అదే జరుగుతుంది.

కాబట్టి క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించినప్పుడే మెకానిక్‌తో డయల్ గేజ్ పెట్టించి ఎండ్ ప్లే (క్రాంక్ ముందుకూ వెనక్కూ ఆడే దూరం) కొలిపించండి. కొత్త ఇంజన్లలో సాధారణంగా 0.05 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ ఇంజన్ హద్దు ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. ఆ హద్దు దాటితే కొత్త క్లచ్ బిగించకముందే క్రాంక్ సంగతి తేల్చుకోవాలి. క్రాంక్ థ్రస్ట్ ముఖం మీద గీతలు పడి ఉంటే, కొత్త వాషర్లు వేసినా నిలవవు. ముందు ఆ ముఖాన్ని గ్రైండింగ్ చేయించాలి.